‘అందరూ’ అనే అధికారితో నా ఉద్యోగం

పదవీ విరమణ తరువాత వచ్చిన మొదటి సోమవారం ఉదయం, సరిగ్గా పది గంటల వేళ, నేను చేపల రేవులో నిలబడి వంజరం కోయించుకుంటున్నాను. ఎదురుగా పడవలు, పైన కాకులు, కాళ్ల కింద తడి. ఎందుకో నా చేయి దానంతట అదే చొక్కా జేబులోకి వెళ్లి కలాన్ని తడిమింది. అప్పుడు తట్టింది: ఇన్నేళ్లుగా ఆ గంటకు నేను కోలగా ఉన్న ఒక బల్ల ముందు కూర్చుని, ఎవరో చెబుతున్నది రాసుకుంటున్నట్టు నటిస్తూ ఉండేవాణ్ణి. ఇప్పుడు ఆ కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. నవ్వు ఆగలేదు.

“ఏటి బావూ, సేపని సూసి నవ్వుతన్నారు?” అంది కోస్తున్నావిడ.

“చేపను చూసి కాదమ్మా. ఈపాటికి మీటింగు మొదలై ఉంటుంది. నేను అక్కడ లేను.”

“అయితే ఇంకోటి కొయ్యమంతారా?”

ఇంకోటి కోయించుకున్నాను.

ఇంజనీరింగు చదివి రేవులోనో, కొత్తగా లేస్తున్న ఉక్కు కర్మాగారంలోనో అడుగు పెడుతున్న యువకులు అప్పుడప్పుడు వన్ టౌన్‌లోని మా ఇంటికి వస్తుంటారు. బెల్టుల గురించి, గేర్‌బాక్సుల గురించి అడుగుతారు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకాల్లో లేనిది ఒకటుంది: మీ ఉద్యోగ జీవితంలో పెద్ద భాగం కుర్చీలో గడుస్తుంది. యంత్రం గురించి నన్ను హెచ్చరించిన పెద్దలు చాలామంది ఉన్నారు. కుర్చీ గురించి హెచ్చరించినవారు ఒక్కరూ లేరు. ఆ లోటు తీర్చడానికే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. సంస్థ పేరు కూడా ఉండదు. డెబ్బైల్లోనూ ఎనభైల్లోనూ విశాఖ సముద్రపు ఒడ్డున, ఇనుప ఖనిజాన్ని గుట్టల దగ్గరనుంచి ఓడలదాకా చేర్చిన ఒక యార్డు అని తెలిస్తే చాలు.

ఖాళీగా తిరిగే బెల్టు

కన్వేయర్ బెల్టు గురించి బయటివారు సాధారణంగా గమనించని విషయం ఒకటుంది. దాని మీద ఖనిజం ఉన్నా లేకపోయినా అది కరెంటు తింటూనే ఉంటుంది. తన బరువును తాను లాక్కోవాలి, కింద ఉన్న వందలాది రోలర్ల రాపిడిని అధిగమించాలి. దూరం నుంచి చూసేవారికి నిండు బెల్టుకూ ఖాళీ బెల్టుకూ తేడా తెలియదు. అదే చప్పుడు, అదే కదలిక, అదే హడావుడి. నిచ్చెన ఎక్కి పైనుంచి చూస్తే తప్ప అది ఏమీ మోయడం లేదని తేలదు.

సోమవారం సమావేశాన్ని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నిచ్చెన ఎక్కి చూశాను. అప్పటినుంచి నాకు మనశ్శాంతి లేదు.

ఆ గదిలో మూలన ఒక సీలింగ్ ఫ్యాను ఉండేది. దాని బేరింగు అరిగిపోయిందని మొదటి వేసవిలోనే చప్పుడును బట్టి గ్రహించి చెప్పాను. ఫ్యాను బాగుచేయించడం అనే అంశం ఎజెండాలో చేరింది. ఫ్యాను కింద కూర్చుని ఫ్యాను గురించి చర్చించాం. ఆ చప్పుడులో ఒకరి మాట ఒకరికి సరిగ్గా వినబడక అంశం వాయిదా పడింది. మరుసటి వారం మళ్లీ చర్చించాం. చలికాలం రాగానే ఫ్యాను ఆపేశారు కాబట్టి సమస్య పరిష్కారమైనట్టు నమోదు చేశారు. వేసవి రాగానే అది కొత్త సమస్యగా తిరిగి ప్రవేశించింది. నా లెక్కలో ఆ ఫ్యాను మా సంస్థలో అత్యంత క్రమశిక్షణ గల ఉద్యోగి. ఏటా ఒకే తేదీల మధ్య తన పని తాను చేసేది.

టీ గురించి కూడా చెప్పాలి. టీ ఎప్పుడు వస్తుందో తెలిసినవాడు సమావేశంలో గెలుస్తాడు. గ్లాసులు లోపలికి వస్తున్నప్పుడు మాట్లాడుతున్న వ్యక్తి ఎంత గొప్ప వాదన చేస్తున్నా ఓడిపోతాడు, ఎందుకంటే ఆ సమయంలో అందరి చూపూ పళ్లెం మీదే. ఓడల్లోకి సరుకు ఎక్కించే విభాగానికి అధికారి అయిన మూర్తి గారు ఈ శాస్త్రంలో నిష్ణాతులు. బక్కపలచని మనిషి, మడత నలగని తెల్లచొక్కా. టీ తాగడం పూర్తయి, గ్లాసులు ఇంకా బల్ల మీదే ఉన్న ఆ కాసేపట్లో ఆయన తన అంశం లేవనెత్తేవారు. అప్పుడు ఎవరికీ కాదనే ఓపిక ఉండదు.

ఇక, రానివారి సంగతి. ఎవరు సమావేశానికి రాలేదో వారి నెత్తిన పని పెట్టడం మా ఆనవాయితీ. కాదనడానికి ఆ మనిషి ఎదురుగా ఉండడు కదా. దీని ఫలితంగా ఒళ్లు కాలిపోయే జ్వరంతో కూడా మావాళ్లు సమావేశానికి వచ్చేవారు. అది ముగిశాక ఇంటికి వెళ్లి, పనికి సెలవు పెట్టేవారు.

మంచి మనిషి, ఒక మాట

సమావేశానికి అధ్యక్షుడు మా ప్లాంటు సూపరింటెండెంటు దేవసహాయం గారు. భారీ విగ్రహం, దానికి తగిన గొంతు. ఆదివారాలు చర్చిలో పాట బృందాన్ని నడిపేవారు. సోమవారాలు మమ్మల్ని నడిపేవారు. ఆదివారం బృందమే మెరుగని ఆయనే ఒప్పుకునేవారు. అక్కడ కనీసం అందరూ ఒకేసారి ముగించేవారట.

నేను చూసిన పై అధికారుల్లో ఆయనంత న్యాయమైనవాడు లేడు. కింది ఉద్యోగిని నలుగురిలో కించపరచిన సందర్భం ఒక్కటీ గుర్తుకు రాదు. ఆ మంచితనం నుంచే మా సమావేశాల ప్రధాన లోపం పుట్టింది. ఏ నిర్ణయమైనా నమోదు చేసేటప్పుడు, చివర ‘చర్య తీసుకోవలసినవారు’ అనే గడిలో ఎవరి పేరు రాయాలని గుమస్తా అడుగుతాడు. దేవసహాయం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకునేవారు.

“ఒక్కరి పేరు రాస్తే వేలెత్తి చూపినట్టుంటుందయ్యా. అందరూ అని రాయి.”

అలా మా సంస్థలో ‘అందరూ’ అనే అధికారి నియామకం జరిగింది. ఆయనకు గది లేదు, జీపు లేదు, సెలవు లేదు. ఉన్న పనుల్లో సగానికి పైగా ఆయనవే. ఆయన ఏ పనీ చేసినట్టు దాఖలా లేదు. అయినా మరుసటి వారం అంతకంటే బరువైన పని ఆయనకే అప్పగించేవాళ్లం. ఆయన సామర్థ్యం మీద మాకున్నంత విశ్వాసం మరే ఉద్యోగి మీదా ఉండేది కాదు.

ఈ సంగతి నాకంటే ముందు పసిగట్టినవాడు అప్పలనాయుడు. అతను జెట్టీ మీద ఓడల్లోకి ఖనిజం పోసే పెద్ద యంత్రానికి ఫోర్‌మన్. లోడరు అంటాం దాన్ని. మేమిద్దరం ఒకే ఏడు చేరాం. అతని ఊరు పద్మనాభం, మాది దాని పక్కదే. నలుగురిలో నన్ను ‘సార్’ అనేవాడు, ఎవరూ లేనప్పుడు ‘బావ’. సోమవారం మధ్యాహ్నం క్యాంటీనులో పక్కన కూర్చుని తప్పకుండా అడిగేవాడు.

“ఏటి బావా, ఇయ్యాల ఏటి తేల్చినారు?”

“వచ్చే వారం మళ్లీ కూర్చోవాలని.”

“పోన్లే, గట్టి నిర్ణయమే. ఎవులు సేత్తారు?”

“అందరూ.”

“ఓలమ్మో, ఆయనకి మళ్లీ పని బెట్టేసినారా! పాపం, ఆయనికి ఓటీ అయినా ఇత్తన్నారా?”

పిన్ను గుంట

లోడరు అంటే ఏమిటో చూడనివారికి కొంచెం వివరించాలి. నాలుగంతస్తుల మేడంత ఉక్కు యంత్రం, జెట్టీ పొడవునా పట్టాల మీద నడుస్తుంది. దాని బాహువు సముద్రం మీదకు చాచి ఉంటుంది. మామూలు గాలికి అది కదలకుండా పట్టాలను గట్టిగా పట్టుకునే క్లాంపులు ఉంటాయి. తుఫాను గాలికి అవి చాలవు. అందుకోసం జెట్టీ మీద ఒక నిర్ణీత స్థలంలో కాంక్రీటులో లోతైన గుంట ఉంటుంది. యంత్రాన్ని సరిగ్గా దాని మీదకు తెచ్చి, జబ్బ లావు ఉక్కు పిన్నును ఆ గుంటలోకి దించాలి. పిన్ను దిగిందంటే ఇక ఏ గాలీ దాన్ని కదల్చలేదు. దిగకపోతే, గాలి దాన్ని పట్టాల చివరిదాకా తోసుకుపోయి సముద్రంలో పడేయగలదు. నియమాలన్నిటిలోకీ ఇది సులభమైనది, ఒకే వాక్యం: తుఫాను వస్తే పిన్ను దించాలి.

ఆ గుంట వాడకం లేక ఖనిజపు ధూళితో నిండిపోయింది. పైన ఉప్పునీటి తుంపర పడి, ఎండకు గట్టిపడి, రాయిలా తయారైంది. ఇది ఎవరికీ తెలియని రహస్యమేమీ కాదు. నేను చూశాను, మూర్తి గారు చూశారు, అప్పలనాయుడు రోజూ దాని మీదుగా నడిచేవాడు. గుంట శుభ్రం చేయించాలని సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించాం. ఎవరు చేయాలో మీరు ఊహించగలరు. మెకానికల్ విభాగంలో ఉన్న నేను అది సివిల్ విభాగం చేయిస్తుందనుకున్నాను. సివిల్ విభాగం అది లోడరులో భాగం కాబట్టి మెకానికల్ వాళ్లు చేస్తారనుకుంది. తరువాత అప్పలనాయుణ్ణి అడిగితే అతనూ అదే మాటన్నాడు: “నాను కూడా అందర్లో ఒకణ్ణే గదా బావా. మిగతా అందరూ సేసేత్తారనుకున్నాను.”

అదొక విచిత్రం. బాధ్యతను ఎంతమందికి పంచితే అంత పలచబడి, చివరకు కంటికి కనబడకుండా పోతుంది. భయం కూడా అలాగే పలచబడుతుంది. అందుకే మనుషులు సమావేశాలను ఇష్టపడతారని నా అనుమానం.

గాలి

డెబ్బైల చివర, ఈశాన్య రుతుపవనాల కాలంలో, ఒక ఉదయం రేవు స్తంభం మీద తుఫాను హెచ్చరిక గుర్తు ఎగిరింది. లోడరు కింద ఉన్న ఓడను తెల్లవారకముందే సముద్రంలోకి పంపేశారు. మిగిలింది యంత్రాన్ని పిన్ను వేసి కట్టేయడం. మామూలుగా దాన్ని నడిపే ఆపరేటరు సెలవులో ఉండడంతో అప్పలనాయుడే క్యాబిన్‌లోకి ఎక్కాడు. మేము సమావేశం గదిలోకి ఎక్కాం. అంశం: తుఫాను సన్నద్ధత.

మొదట గత సమావేశపు నివేదిక చదివి ఆమోదించాం. తరువాత స్టోరు పైకప్పు మీద కప్పిన టార్పాలిన్ ఏ విభాగానిదన్న ప్రశ్న వచ్చింది. ఎవరిదో తేలితే గాని దాన్ని ఎవరు కట్టాలో తేలదు. మూర్తి గారు టీ కోసం ఎదురుచూస్తూ మౌనంగా ఉన్నారు. కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే ఎవరో లేచి గడియ పెట్టారు. గదిలో గాలి ఆగిపోయింది కాబట్టి మూల ఫ్యాను వేశారు. దాని చప్పుడులో బయట గాలి చప్పుడు వినబడటం మానేసింది.

ఫోను మోగింది. దేవసహాయం గారు తీశారు. అవతలి మనిషి గాలిని మించి అరుస్తున్నాడు కాబట్టి బల్ల చివరన ఉన్న నాకు కూడా ప్రతి మాటా వినబడింది.

“సార్, నాను అప్పలనాయుడండి, లోడరు మీంచి. పిన్ను దిగట్లేదండి. గుంట పూడుకుపోనాది, బండరాయైపోనాది.”

“క్లాంపులు పట్టుకుంటున్నాయా?”

“ఇప్పటికి పడతన్నాయండి. ఇసురుగాలి ఒచ్చినపుడల్లా బండి జారతంది. నాను ఎదురు తోల్తన్నాను. కరెంటు పోతే మాత్రం నా సేతిలో ఏటీ ఉండదండి.”

“నువ్వు దిగి వచ్చెయ్యవయ్యా!”

“దిగడం మొదలెడితే ఎదురు తోలేవోడెవుడండి? నాను నిచ్చెన మీదుండగా బండి పరిగెడితే?” గొంతులో నవ్వులాంటిది వినబడింది, నవ్వు కాదు. “ఏదోటి తొరగా సూడండి సార్.”

దేవసహాయం గారు ఫోను పెట్టేశారు.

“ఆ గుంట శుభ్రం చేయించే పని ఎవరికిచ్చాం?”

ఆమోదించిన నివేదిక మూర్తి గారి ముందే ఉంది. ఆయన వేలితో వెతికి చదివారు. “చర్య తీసుకోవలసినవారు… అందరూ.”

దేవసహాయం గారు కళ్లద్దాలు తీశారు. ఈసారి తుడుచుకోలేదు. బల్ల చుట్టూ ఒక్కొక్కరి ముఖం చూశారు.

“అందరూ ఇక్కడే ఉన్నారు కదా మూర్తీ.”

“సార్, మూడో అంశం ఇంకా…” అని మొదలుపెట్టి, తన మాట తానే విని, మూర్తి గారు ఆగిపోయారు.

“లేవండి,” అన్నారు దేవసహాయం గారు. “అందరూ లేవండి.”

జీపులో ఎక్కినంతమంది ఎక్కాం, మిగతావారు వెనకే పరిగెత్తారు. జెట్టీ మీద దిగేసరికి వాన సూదుల్లా అడ్డంగా కొడుతోంది. అప్పలనాయుడు యంత్రాన్ని గుంటకు కాస్త అవతలగా నిలబెట్టి, ముందుకూ వెనక్కూ నెడుతూ గాలితో కుస్తీ పడుతున్నాడు. ప్రతి విసురుకూ చక్రాలు కీచుమంటూ కొంచెం జారేవి, మళ్లీ వెనక్కి వచ్చేవి. పైన క్యాబిన్ అద్దం వెనుక అతని తల ఒక్కటే కనబడుతోంది.

గడ్డపారలు తెచ్చాం. పారలు తెచ్చాం. నీళ్ల పైపు తెచ్చాం. పదిమందికి పైగా అధికారులం గుంట చుట్టూ వలయంగా నిలబడ్డాక అసలు సంగతి అర్థమైంది. ఆ గుంట నోరు ఎంత చిన్నదంటే ఒకసారి ఒక్కరి చేయే పడుతుంది.

‘అందరూ’ అనే అధికారి తన ఉద్యోగ జీవితంలో మొదటిసారి డ్యూటీకి వచ్చాడు. వచ్చినా ఆయనకు ఇవ్వడానికి అక్కడ పని లేదు. ఉన్నది ఒక్క మనిషి పని. తరువాత ఇంకొక్క మనిషి పని.

దేవసహాయం గారు దాన్ని మాకంటే ముందు గ్రహించారు. పాట మొదలుపెట్టించే గొంతుతో నా పేరు పిలిచి, “గడ్డపార నీది,” అన్నారు. స్టోరు అధికారి పేరు పిలిచి నీళ్ల పైపు ఇచ్చారు. ఒక పేరు, ఒక పని. ఆయన నోట ఆ రెండూ పక్కపక్కన వినడం నాకు అదే మొదలు. నేను పొడిచాను. పై పెంకు పగిలింది. కింద ఉన్నది మెత్తబడిన కొద్దీ తోడి తీయాలి, కానీ లోతు ఎక్కువ. నా చేయి మోచేతి దగ్గరే ఇరుక్కుంది.

“మూర్తీ, నీ చేయి సన్నం.”

మూర్తి గారు ఒక్క క్షణం తన చొక్కా చూసుకున్నారు. ఆ తరువాత జెట్టీ మీద బోర్లా పడుకుని, భుజందాకా చేయి దించి, క్యాంటీను అల్యూమినియం గ్లాసుతో ఆ ఎర్రటి బురదను తోడడం మొదలుపెట్టారు. గాలి ఆయన్ని పక్కకు దొర్లించకుండా దేవసహాయం గారు ఆయన రెండు కాళ్ల మీదా కూర్చున్నారు. సమావేశాల్లో ఎన్నడూ ఎవరూ మూర్తి గారిని అంత సమర్థంగా ఒకచోట నిలిపి ఉంచలేదు.

ఒక పెద్ద విసురు వచ్చింది. క్లాంపులు అరిచాయి. యంత్రం మా వైపు జారడం మొదలుపెట్టింది. పైన అప్పలనాయుడు ఏదో అరిచాడు, గాలి ఎత్తుకుపోయింది. మోటార్లు మూలిగాయి. యంత్రం ఆగింది, వణికింది, అంగుళం అంగుళంగా వెనక్కి తగ్గింది. మూర్తి గారు చేయి బయటకు తీయలేదు. ఆ సమయంలో ఆయన దాన్ని తీసి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

“చాలు! అడుగు తగిలింది!” అని ఆయన లేచారు. దేవసహాయం గారు రెండు చేతులూ ఎత్తి ఊపారు. అప్పలనాయుడు యంత్రాన్ని గుంట మీదకు తెచ్చాడు. ఒకసారి దాటిపోయింది. వెనక్కి తెచ్చాడు. పిన్ను మీట నేనే వదిలాను. అది దిగిన చప్పుడు పెద్ద గుడి గంటను ఒక్కసారి కొట్టి ఆపినట్టుంది. నా జీవితంలో అంతకంటే మంచి శబ్దం వినలేదు.

అప్పలనాయుడు నిచ్చెన దిగి, చివరి మెట్టు మీద అలాగే కూర్చుండిపోయాడు. నెత్తినుంచి నీళ్లు కారుతున్నాయి. ఎర్రగా తడిసిన పై అధికారులందర్నీ ఒకచోట చూశాడు. తరువాత అన్నాడు:

“అందరూ ఒచ్చీసినారేటి సార్! మరి మీటింగెవులు సూత్తన్నారు?”

ముందు నవ్వింది దేవసహాయం గారు. నవ్వుతూనే పక్కకు తిరిగి, “దేవా, నీకు స్తోత్రం,” అన్నారు. ఆ వానలో ముఖం మీద ఏది వాన నీరో చెప్పలేం. మేము జీపులో తిరిగి వెళ్లేలోపే యార్డంతటా కరెంటు పోయింది.

ఎవరిదో తేలని టార్పాలిన్ మధ్యాహ్నానికి ఎగిరిపోయి పక్క యార్డులో పడింది. దాంతో అది ఎవరిదో కూడా తేలిపోయింది: పక్క యార్డువాళ్లది.

నిలబడి మాట్లాడటం

మరునాడు గాలి తగ్గాక దేవసహాయం గారు మమ్మల్నీ అప్పలనాయుణ్ణీ అదే గదిలో కూర్చోబెట్టారు. ఎజెండా లేదు. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. టీ తాగాం. ఆ సమావేశాన్ని నేను వ్యర్థం కింద రాయను. బెల్టును ఆపే ముందు కూడా కాసేపు ఖాళీగా తిప్పుతాం, మీద మిగిలిపోయినదేదో రాలిపోవడానికి. భయం పట్టిన మనుషులకూ అంతే. ఈ తేడా తెలుసుకోండి: కొన్నిసార్లు ఏమీ తేల్చకుండా కలిసి కూర్చోవడమే పని.

ఆ తరువాత రెండు మార్పులు వచ్చాయి. ఏ పని పక్కనైనా ఒకే పేరు ఉండాలి. ఆ పేరు గల మనిషి ఎదురుగా ఉండాలి, ఒప్పుకోవాలి. రెండోది, సోమవారం సమావేశం గదిలోంచి బయటకు వచ్చి, ఒక బెల్టు మీదనుంచి ఇంకో బెల్టు మీదకు ఖనిజం దూకే చోటి కింద జరిగేది. కుర్చీలు లేవు. పైనుంచి ధూళి సన్నగా రాలుతుండేది. ఎక్కువసేపు మాట్లాడినవారి తెల్లచొక్కా ఇటుక రంగుకు తిరిగేది. ఇంటికెళితే ఆ చొక్కా ఉతికేవారు ఏమంటారో ప్రతి వక్తకూ తెలుసు. ఏ ఛైర్మనూ సాధించలేని క్లుప్తత ఆ ధూళి సాధించింది.

“ఇయ్యాల ఏటి బావా, మొదలెట్టగానే అయిపోనాది?” అనేవాడు అప్పలనాయుడు.

“మూర్తి గారు కొత్త చొక్కా వేసుకొచ్చారు.”

“అయితే ఆరికి వారవారం కొత్త సొక్కా కుట్టించీయండి.”

ఈ సంస్కరణ శాశ్వతంగా నిలిచిందని రాస్తే మీరు నన్ను నమ్మరు, నమ్మకూడదు. దేవసహాయం గారు పదవీ విరమణ చేశారు. మూర్తి గారు బదిలీ మీద వెళ్లారు. ఎనభైల్లో ఉక్కు కర్మాగారం పనులు ఊపందుకోవడంతో మా సంస్థ కూడా పెరిగింది, కొత్త మేనేజరు వచ్చారు, కొత్త గది వచ్చింది. ఏసీ పెట్టారు. తెర మీద బొమ్మలు వేసి చూపే ప్రొజెక్టరు పెట్టి దీపాలు ఆర్పేవారు. నిద్ర నాణ్యత గణనీయంగా పెరిగింది. ‘అందరూ’ గారు ఆ చీకట్లో ఎప్పుడో తిరిగి ఉద్యోగంలో చేరిపోయారు. ఒక భయం నేర్పిన పాఠం, ఆ భయాన్ని అనుభవించిన మనుషులు అక్కడ ఉన్నంతకాలమే ఉంటుంది. ఇది నా అభిప్రాయం, ఎవరైనా తప్పని నిరూపిస్తే సంతోషిస్తాను.

కాబట్టి కొత్తగా చేరుతున్నవారికి నేను చెప్పగలిగేది తక్కువే. సమావేశాలను ఆపలేరు, ప్రయత్నించకండి. విసుగును మాత్రం అసహ్యించుకోకండి. ఆ విసుగులోనే నేను ఫ్యాను బేరింగు చప్పుడు వినడం నేర్చుకున్నాను, అది తరువాత ఎన్నో మోటార్లను కాపాడింది. కానీ ఒక పని పక్కన ‘అందరూ’ అని రాస్తున్నప్పుడు మీ నోరు తెరవండి. “ఎవరి చేయి?” అని అడగండి. అడిగినవాడి చేయే అవుతుందన్న భయం నిజమే. అయినా చేయి దించండి. గుంట నోరు ఎప్పుడూ ఒక్క చేతికే సరిపోతుంది.

దండ

నా పదవీ విరమణ రోజున ఏసీ గదిలో సభ పెట్టారు. దేవసహాయం గారు చేతికర్రతో వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. రిటైరవడానికి ఇంకా కొంతకాలం ఉన్న అప్పలనాయుడు ఇస్త్రీ చొక్కాలో ఆయన పక్కన కూర్చున్నాడు. ప్రసంగాలు సాగాయి. నేను చేయని పనులు కొన్ని, నాలో లేని గుణాలు చాలా అక్కడ తెలిశాయి. చివరకు మేనేజరు గారు, “ఇప్పుడు పూలమాలతో సత్కరిద్దాం,” అని చేయి పక్కకు చాచారు.

ఆ చేతిలోకి ఏమీ రాలేదు.

ఆయన వెనక్కి చూశారు. వెనుక ఉన్నవారు ఒకరినొకరు చూసుకున్నారు. తలుపు దగ్గర ఒకరు బయటకు చూసి వచ్చారు. చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు అలాగే ఉన్నాయి.

దేవసహాయం గారి గొంతు ఏమీ తగ్గలేదు. “దండ తెచ్చే పని ఎవరికిచ్చారయ్యా?”

మేనేజరు గారు చెమట తుడుచుకున్నారు. “అంటే సార్… మొన్న మీటింగులో అనుకున్నాం. అందరం…”

ఆ మాట పూర్తికాకముందే మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. దేవసహాయం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. భుజాలు కదులుతున్నాయి. నేను కుర్చీ పట్టుకోవలసి వచ్చింది. సభలో మిగిలినవారికి ఏమీ అర్థం కాలేదు. పాపం, పెద్దాయన కన్నీళ్లు పెట్టుకుంటున్నారని కొందరు తలలు దించుకున్నారు కూడా.

బయటకు వచ్చాక, మెడలో ఏ బరువూ లేకుండా, బస్సు కోసం నడుస్తుంటే సముద్రం వైపునుంచి చిన్న గాలి కూడా లేదు. అప్పలనాయుడు ఒకసారి వెనక్కి తిరిగి, దూరంగా జెట్టీ మీద నిలబడి ఉన్న లోడరును చూశాడు. తరువాత నా భుజం తట్టాడు.

“పోన్లే బావా. ఇయ్యాల గాలి నేదు.”